మురికి కాదు

ఏడుపు చెవిన పడగానే యశోద నడుం ఎత్తింది. ఏరుతున్న చాలు సగం కూడా కాలేదు. కొంగుతో కట్టుకున్న వొడిలో మిరపకాయలు బరువుగా వేలాడుతున్నాయి. మాఘమాసపు గాలి పొడిగా, గరుకుగా, మిరప ఘాటును మోసుకొచ్చి మొహానికి కొడుతోంది. చేను చివర తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టిన చంటిపిల్లల్లో ఏడ్చేది ఎవరో ఏ తల్లికైనా దూరం నుంచే తెలుస్తుంది. ఆకలి ఏడుపు ఒక తీరు. చీమ కుట్టిన ఏడుపు ఒక తీరు. ఇది సన్నగా, తెగకుండా, మధ్యమధ్య ఎగపీలుస్తూ సాగే ఏడుపు. దురద ఏడుపు. తన బిడ్డ సారక్కది.

పక్క చాళ్లలో ఉన్న ఆడవాళ్లు తలలెత్తలేదు. కిందటి వారం దాకా ఎవరి పిల్ల ఏడ్చినా నలుగురూ కేకేసి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎవరికీ వినపడనట్టే కాయలు తెంపుతున్నారు. ఆ వినపడనితనమే యశోదను ఎక్కువ కోసింది. మేస్త్రీ బొజ్జయ్య అటు తిరిగి ఉన్న అదను చూసి, గట్టు మీదుగా వంగి వంగి నడిచింది.

ములకలపల్లి అడవి అంచు ఊళ్ల నుంచి ఏటా వైరా దిక్కుకు మిరప ఏరడానికి దిగే గుంపుల్లో ఒక కట్టుబాటు ఉంది. గుంపుకొక ముసలామె కాయ ముట్టదు. కాయ ఏరిన చెయ్యి ఎంత కడిగినా ఘాటు పోదు. అది పిల్ల కంటికో పెదవికో తగిలిందంటే ఆ రాత్రి గుడిసెలన్నీ జాగారమే. అందుకని ఒక్క చెయ్యి మిరప అంటకుండా ఉండాలి. పిల్లలకు నీళ్లు పట్టడం, ముక్కు తుడవడం, జోకొట్టడం ఆ చేతి పని. రోజుకు అరవై రూపాయల కూలిలోంచి తల్లులంతా తలా కొంత తీసి ఆమెకు ఇస్తారు. ఈ ఏడు ఆ చెయ్యి జంపక్కది.

జంపక్క ఒక పాత గొంగడి పరిచి దాని మీద పిల్లల్ని వరసగా పడుకోబెట్టింది. సారక్క ఆ వరసలో లేదు. చెట్టుకు అవతలి పక్క, ఎండ వచ్చి పడుతున్న చోట, విడిగా ఒక గోనె సంచి మీద ఉంది. స్వెట్టరు చేతుల్లోంచి చిన్న పిడికిళ్లు బయటికి తీసి మోకాళ్లకేసి రుద్దుకుంటోంది.

యశోద నిలబడిపోయింది. అడగకముందే జంపక్కే చెప్పింది.

"నేనే ఏసిన బిడ్డా. పక్కకు పండవెట్టుమన్నరు. ఎవలన్నరని అడగకు. నాకు అందరు ఒక్కటే. రేపు ఆళ్ల పిల్లలకు అంటితే మాట నా మీదకొస్తది."

"అంటేది కాదు పెద్దమ్మా," అంది యశోద. అంటేది కాదో అవునో తనకు మాత్రం ఏం తెలుసు. గొంతులో ఆ తెలియనితనం పలికింది.

చేతులు కొంగుకు తుడుచుకుని, వేళ్లు తగలకుండా మోచేతులతోనే పిల్లను ఎత్తుకుంది. సారక్క పోయిన ఏడు జాతర నెలలో పుట్టింది. ఏడాది నిండుతున్నా ఇంకా నడక రాలేదు. పాకేటప్పుడు మోకాళ్లు నేలకు రాసుకుని తోలు చేప పొలుసుల్లా లేచింది. పిక్కలు, మోచేతులు, నడుం పక్కలు అంతా బూడిద పూసినట్టు తెల్లబారి ఉన్నాయి. మోకాలి మడతల్లో సన్నటి పగుళ్లు పడి, గోక్కున్నచోట నెత్తురు చెమర్చింది. ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, యశోద స్వెట్టరు కిందికి గుంజింది. జూలూరుపాడు సంతలో కొన్న ఊలు స్వెట్టరు. ఎండ ఎంత మండినా పిల్ల ఒంటి మీద నుంచి దాన్ని తీయడం లేదు. చలికని కాదు, కనపడకుండా ఉంటుందని.

ఇదంతా వచ్చిన మొదటి రోజు నుంచే మొదలైంది. గుంపు ట్రాక్టరు దిగి చేలో గుడిసెలు వేసుకుంటుంటే, ఆసామి భార్య సుబ్బరత్నం వచ్చి అందరినీ ఒకసారి కలియజూసింది. చెడ్డ మనిషేమీ కాదు. వచ్చిన రోజు గుంపుకంతటికీ పచ్చడీ మజ్జిగా పంపిస్తుంది. కానీ ఆమె నోటికి ఎదుటి మనిషి ఉన్నట్టు తెలియదు. యశోద చంకలోని పిల్ల కాలు పట్టుకుని చూసి, అందరూ వింటుండగా అంది.

"ఏమే, పిల్లకి నీళ్లు పొయ్యవా? ఒళ్లంతా బూడిద పూసినట్టుంది చూడు. మీవాళ్లకి కనడం తెలుసుగానీ కడగడం తెలీదు."

ఒకామె నవ్వింది. నవ్వుతూనే తన పిల్లవాడి కాళ్లు కొంగు కిందికి లాక్కుంది. చలికాలంలో అడవి పిల్లలందరి కాళ్లూ కాస్తో కూస్తో అలాగే ఉంటాయి. కానీ ఆ మాట పడ్డది యశోద మీద.

అది ఆమెకు కొత్త మాట కాదు. ఎనిమిదో తరగతి దాకా ఆమె ఒక ఆశ్రమ పాఠశాలలో చదివింది. అక్కడ చలికాలం పొద్దున్నే ప్రార్థనకు ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి, వార్డెనమ్మ ఒక్కొక్కరి పిక్క మీద గోటితో గీత గీసేది. గీత తెల్లగా పడితే స్నానం చేయనట్టు లెక్క. యశోద కాలి మీద ప్రతిసారీ తెల్లగీతే పడేది. బావి నీళ్లతో ఎంత తోముకున్నా పడేది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇప్పనూనె రాసుకున్న రోజు గీత పడలేదు గానీ, ఆ వాసనకు పక్క బెంచీ పిల్లలు ముక్కులు మూసుకున్నారు. మళ్లీ రాసుకోలేదు. తెలుపంటే మురికి అని, మురికంటే తన తప్పని అప్పుడే మనసులో నాటుకుపోయింది. ఆ తర్వాత తండ్రి పోయి చదువు ఆగింది. చదువులో మిగతావి చాలా మర్చిపోయింది. అది మర్చిపోలేదు.

అందుకని సుబ్బరత్నం మాటతో ఆమె పిల్లను కడగడం మొదలుపెట్టింది. ఊళ్లో కొట్టుకు పోయి, ఘాటైన వాసన వేసే ఎర్రసబ్బు పన్నెండు రూపాయలు పెట్టి కొన్నది. మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు పొగలు కక్కేదాకా కాచి పొద్దున ఒకసారి, చేలోంచి వచ్చాక మరోసారి పోసేది. నురగ తేలేదాకా సబ్బు రుద్ది, బీరపీచుతో తోమి, మళ్లీ సున్నిపిండి పెట్టి నలిచేది. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, ఏడవనీ, మురికి పోవాలి కదా అనుకునేది. కడిగి తుడిచిన కాసేపు తోలు ఎర్రగా, నున్నగా కనపడి ప్రాణం కుదుటపడేది. పొద్దెక్కేసరికి మళ్లీ తెలుపు. నిన్నటి కంటే ఎక్కువ తెలుపు. మురికి ఇంకా పోలేదనుకుని మర్నాడు ఇంకాస్త గట్టిగా తోమేది.

అత్త ముత్తక్క బయల్దేరేటప్పుడు సీసాడు ఇప్పనూనె ఇచ్చి, నీళ్లు పోశాక పిల్లకు పట్టించమని చెప్పింది. యశోద దాన్ని గుడిసెలో దీపానికి వాడేసింది. ఆసామి ఇంటి ముందు తన పిల్ల ఇప్పనూనె కంపు కొట్టకూడదు. ఆ ఒక్కటే అనుకున్నది.

ఆ సాయంత్రం కల్లంలో కాయలు పోస్తుండగా అనుకున్నంతా అయింది. సారక్క ఏడుస్తూ స్వెట్టరు మెడ దాకా గుంజుకుంది. పొట్టా వీపూ బయటపడ్డాయి. ఎండబెట్టిన కాయలను కాలితో తిరగేస్తున్న సుబ్బరత్నం చూసింది. దగ్గరికి రాలేదు. ఉన్నచోటి నుంచే బొజ్జయ్యను పిలిచి, ఆ పిల్లకేదో పొడ వచ్చిందని, అది అంటుజబ్బని, కల్లంలో లక్ష్మి ఉన్నచోట అటువంటివి తిరగకూడదని చెప్పింది. ఆదివారం పొద్దున కాయలు చూడడానికి ఖమ్మం నుంచి షావుకారు వస్తున్నాడట. ఆలోగా పిల్ల ఒళ్లు శుభ్రమైతే సరి, లేకపోతే తల్లీపిల్లా ఊరికి పోవాల్సిందే.

బొజ్జయ్య యశోదకు వరసకు మామ. రాత్రి బువ్వల దగ్గర ఆ మాటే నెమ్మదిగా చెప్పాడు. ఏరుడు అయిపోయాకే కూలి లెక్క తేలుతుందని, నడిమిట్ల పోయినవాళ్లకు ఎంత ముట్టేదీ ఆసామి దయ అని ఆమెకూ తెలుసు. ఇంటి దగ్గర మొగుడు రమణ గుడిసెకు కొత్త కప్పు వేయడానికి ఈ డబ్బు మీదే ఆశ పెట్టుకుని వెదుర్లు కొట్టి ఉంచాడు. కానీ ఆమె భయం డబ్బు గురించి కూడా కాదు. పిల్లకు నీళ్లు పోయడం చేతకాక పనిలోంచి వెళ్లగొట్టారనే మాట తనకంటే ముందు ఊరికి చేరుతుంది. ఆ మాటతో ఊళ్లో ఎట్లా తిరగాలి?

మర్నాడు ఒక పూట పని మానుకుని పిల్లను ఊళ్లోని సబ్‌సెంటరుకు ఎత్తుకుపోయింది. అరుగు మీద ఆ ఊరి ఆడవాళ్లు కొందరు పిల్లలకు సూదులు వేయించడానికి కూర్చుని ఉన్నారు. యశోద వాళ్లకు ఎడంగా గోడ వారగా నిలబడింది. వంతు రాగానే నర్సు సంపూర్ణ స్వెట్టరు విప్పమంది. విప్పేసరికి అరుగు మీది మాటలు ఆగిపోయాయి. ఒకామె తన పిల్లను ఒళ్లోకి జరుపుకుంది.

సంపూర్ణ నడివయసు మనిషి. పొద్దుటి నుంచీ ఒంటిచేత్తో అంతమందిని చూస్తూ విసిగి ఉంది. పిల్ల కాలు వేళ్లతో తడిమి, తలెత్తకుండానే అడిగింది.

"నీ బిడ్డేనా?"

అరుగు మీద అందరూ ఇటే చూస్తున్నారు. యశోద నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"కాదమ్మా. మా ఆడబిడ్డ బిడ్డ. నేను ఊకె తీస్కొచ్చిన."

అన్నాక ఆ మాట తన చెవుల్లోనే మోగింది. సారక్క తల్లి మొహంలోకి చూసింది. ఆ ఘడియలో యశోదకు నాలుక తెగిపోయినా బాగుండు అనిపించింది.

"అయితే పోయి మీ ఆడబిడ్డకు చెప్పు," అంది సంపూర్ణ. "పిల్ల తోలు వలుస్తోందని చెప్పు. దినాం ఎన్నిసార్లు పోస్తది నీళ్లు?"

"రెండుసార్లు."

"వేడివేనా?"

"అవ్. మస్తు వేడివి. సబ్బు పెట్టి, పీచుతోని రుద్ది, సున్నిపిండి..." యశోద ఆగిపోయింది. ఆడబిడ్డ పోసే నీళ్ల గురించి ఇంత గబగబా ఎవరు చెప్తారు?

సారక్కకు ఆకలైంది. చేతులు చాచి తల్లి జాకెట్టు పట్టుకుని, మొహం రొమ్ముకేసి రుద్దుతూ నోరు తెరిచింది. యశోద ఒకసారి పిల్ల చేతులు విడిపించింది. పిల్ల మళ్లీ పట్టుకుంది. పాలు చేపి జాకెట్టు తడిసింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు. యశోద గోడకేసి తిరిగి కూలబడి, కొంగు కప్పుకుని పిల్లకు పాలిచ్చింది. తల పైకెత్తలేకపోయింది. అరుగు మీద ఎవరో గుసగుసలాడారు. సంపూర్ణ వాళ్లను కసిరింది. మిగతా పిల్లలకు సూదులు వేసి, అరుగు ఖాళీ అయ్యాక వచ్చి పక్కన కూర్చుంది.

అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇది అంటుజబ్బు కాదు, మురికి అసలే కాదు. ఒంటికి దేవుడిచ్చిన జిడ్డు కొంత ఉంటుంది, అదే తోలుకు కాపలా. చంటిపిల్లల తోలు పల్చన, వాళ్లకు ఆ జిడ్డు తొందరగా పోతుంది. చలికాలం గాలి ఒంట్లోని తడిని లాగేస్తుంది. దాని మీద కాగే నీళ్లు, బట్టలకు వాడేలాంటి సబ్బు, పీచు తోడైతే ఉన్న జిడ్డంతా ఊడ్చుకుపోతుంది. తోలు ఎండిపోయి చిట్లుతుంది. ఊలు గుచ్చుకుని దురద పుడుతుంది. గోకితే పుండవుతుంది. తెల్లగా కనిపించేది ఎండిపోయిన తోలు. దాన్ని కడిగినకొద్దీ ఇంకా ఎండుతుంది.

కొన్నాళ్లపాటు రోజుకు ఒక్కసారే, గోరువెచ్చటి నీళ్లు, తొందరగా పోసి తీసెయ్యాలి. సబ్బు చంకలకూ పిర్రలకూ చాలు. తుడిచేటప్పుడు రుద్దకుండా బట్టతో అద్దాలి. ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె పట్టించాలి. ఆ తడిని నూనె లోపలే పట్టి ఉంచుతుంది. పొద్దున, మాపున, మధ్యలో ఆరినట్టు కనపడితే మళ్లీ. లోపల మెత్తటి నూలుచొక్కా వెయ్యాలి. గోళ్లు కత్తిరించాలి. వారంలో తగ్గకపోయినా, పగుళ్లలో చీము పట్టినా ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలి.

"నీ చేతులు చూపియ్యి," అంది చివర్లో.

యశోద చూపించలేదు. సంపూర్ణే పట్టుకుని తిప్పింది. వేలికొసలు చిట్లి, గీతల్లో ఎర్రటి మిరప రంగు ఇంకిపోయి ఉంది. ఈ చేతుల్తోనే సాయంత్రం పీచు పట్టి తోముతున్నావా అని ఆమె అడగలేదు. ముందు నూనె రాసి తుడుచుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుంటే ఘాటు చాలావరకు పోతుందని, ఆ చేతులకూ నూనె పట్టించుకోమని మాత్రం చెప్పింది. అడగకపోయినా యశోదకు అర్థమైంది. సాయంత్రం స్నానంలో పిల్ల పెట్టే ఆ కేకలు ఎందుకో అప్పుడు తెలిసింది. చేలో అంత జాగ్రత్తపడేది, మురికి వదిలించే ఆత్రంలో ఆ ఘాటునే మరిచిపోయింది. అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నది. సంపూర్ణ లేచి గిన్నెలో సూదులు మరిగించుకోవడానికి లోపలికి పోయింది.

దీపంలో మండిపోయిన ఇప్పనూనె గుర్తొచ్చింది గానీ, గుర్తొచ్చి లాభం లేదు. కొట్లో కొబ్బరినూనె సీసా కొన్నది. ఆ సాయంత్రం గోరువెచ్చటి నీళ్లు నాలుగు చెంబులు పోసి, అద్ది, తడి ఆరకముందే నూనె పట్టించింది. పగుళ్ల మీద పడ్డప్పుడు పిల్ల కాస్త ఉలిక్కిపడింది. తర్వాత మెత్తబడింది. బువ్వ వండుతుండగానే నిద్రపోయింది.

పొలుసులు ఒక్కపూటలో పోలేదు. కానీ పగుళ్ల అంచులు మెత్తబడ్డాయి, గోకడం తగ్గింది. అయితే ఇంకొకటి వచ్చిపడింది. చేలో ఎర్రదుమ్ము. నూనె ఒంటి మీద గాలి దుమ్మంతా వచ్చి అంటుకునేది. మధ్యాహ్నానికల్లా సారక్క కాళ్లు మట్టిలో పొర్లినట్టు తయారయ్యేవి. ముందు తెల్లగా కనపడే పిల్ల ఇప్పుడు నల్లగా కనపడుతోంది. నూనెలో వేయించిన పిల్లను కన్నావే నువ్వు అని జంపక్క నవ్వింది. నవ్వినా, గొంగడి మీద ఒక మూల చోటు ఇచ్చింది. ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని ఇంకో మూలకు జరిపించారు. దుమ్ము పట్టిన ఆ ఒంటిని చూసినప్పుడల్లా యశోద చేతులు నీళ్ల కోసం లాగేవి. బిగబట్టుకునేది.

ఆదివారం పొద్దెక్కాక సుబ్బరత్నం కల్లానికి వచ్చింది. షావుకారు ఇంకా రాలేదు. గాలి రేగి కల్లమంతా దుమ్ము లేస్తోంది. గుంపు కాయలను రంగు చూసి వేరు చేస్తోంది. జంపక్క పిల్లలతో కల్లం పక్కన వేపచెట్టు కింద ఉంది. సుబ్బరత్నం నేరుగా అక్కడికే పోయి, సారక్కను చూసి, మొహం చిట్లించింది.

బొజ్జయ్యను కాదు, ఈసారి యశోదనే పిలిచింది. మోటారు నడుస్తోంది కాబట్టి పిల్లను పైపు దగ్గరికి తీసుకుపోయి, తన కళ్లముందు ఒళ్లంతా సబ్బు పెట్టి కడగమంది. సబ్బు కూడా తనే తెచ్చింది. కోపంగా చెప్పలేదు. పిల్లకు మంచి చేస్తున్నాననుకునే చెప్పింది.

యశోద పిల్లను ఎత్తుకుంది. నాలుగు అడుగులు పైపు వైపు నడిచింది కూడా. ఆ నడక కాళ్లకు అలవాటు. ఎవరన్నా మురికి అంటే నీళ్ల వైపు నడవడం. నీళ్ల చప్పుడు విని సారక్క చేతులు చాచింది. పిల్లలకు నీళ్లంటే ఇష్టం. యశోద ఆగింది.

"పొద్దున పోసినమ్మా," అంది. "ఇగ పొయ్యను."

"పోసినదానివైతే ఇట్లా ఉంటుందా? చూడు మట్టి."

"మట్టే. నూనెకు అంటింది. నర్సమ్మ నూనె పెట్టుమన్నది. ఇది అంటేది కాదన్నది. సబ్బు పెడితే మళ్ల చిట్లుతది."

సుబ్బరత్నం నర్సు సంగతి తనకు తెలుసంది. షావుకారు వచ్చే వేళయింది, ఒక్కసారి కడిగితే పిల్ల కరిగిపోదంది. బొజ్జయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఒక్కసారే కదా, పొయ్యి బిడ్డా, నా మాట ఉంచు అన్నాడు. జంపక్క కూడా అదే మాట అన్నది. అందరూ ఒక్కసారే అంటున్నారు. ఆ ఒక్కసారిలో తనకెంత సులువుగా ఉంటుందో యశోదకు తెలుసు. కడిగితే నలుగురిలో పిల్ల శుభ్రంగా, తడిగా మెరుస్తుంది. ఎవరూ ఏమీ అనరు. గుంపులో ఆడవాళ్లంతా కాయలు వదిలేసి చూస్తున్నారు. సిగ్గు ఎక్కడికీ పోలేదు.

"నేను దాన్ని శాన కడిగిన," అంది. "ఎవలన్న ఏమన్న అన్నప్పుడల్ల కడిగిన. ఇగ ఎవల కోసం కడగను. పొమ్మంటె పోత."

పొమ్మనలేదు సుబ్బరత్నం. ఉండమని కూడా అనలేదు. ఇంతవరకు కూలివాళ్లలో ఎవరూ ఆమె ఎదుట కాదని అనలేదు. సబ్బు పట్టుకుని అలాగే నిలబడింది. రోడ్డు మీద షావుకారు జీపు హారన్ వినపడింది. బొజ్జయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. మోటారు ఆపడానికి ఎవరూ కదల్లేదు. నీళ్లు పైపులోంచి దబదబా పడుతూ, కాలువలో పడి ఎవరికీ పట్టనట్టు చేలోకి పోతున్నాయి.

గాలి మళ్లీ లేచింది. కల్లం మీంచి దుమ్ము వచ్చి సారక్క చెంపల మీద, మెడ మీద, నూనె మెరిసే మోకాళ్ల మీద పొరలా కమ్మింది. యశోద తుడవడానికి కొంగు చేతిలోకి తీసుకుంది. తీసుకుని, వదిలేసింది. జీపు గట్టు ఎక్కుతోంది. అందరికీ కనపడేలా పిల్లను భుజం మీదికి ఎత్తి పట్టుకుని నిలబడింది.